తాడు లాగితే బెల్టు ఆగాలి

మా నాయన టీవీ పెడితే తాడిపత్రిలో మా వీధి మొత్తానికీ వార్తలు వినపడతాయి. నేను ఇంటికి పోయినప్పుడల్లా రిమోట్ తీసుకుని సౌండు తగ్గిస్తాను. రెండు నిమిషాలు ఓపిక పట్టి ఆయన మళ్లీ పెంచుతాడు. ఇరవై ఆరేళ్లు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ దగ్గర నిలబడిన మనిషి ఆయన. కొలిమిగుండ్ల వైపు గనుల నుంచి వచ్చే బండను కొలతకు కోసేవాడు. బ్లేడు రాయిలోకి దిగిందంటే పక్కన నిలబడిన మనిషి అరిచినా వినపడదు, అంతా చేతి సైగలే. ఆయన చెవులు ఏ సంవత్సరం పోయాయో ఆయనకూ తెలీదు, మాకూ తెలీదు. ఒక్క రోజులో పోలేదు కాబట్టి దాన్ని ఎవరూ ప్రమాదం అనలేదు.

పని ఎట్లా ఉంది నాయనా అని చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు అడిగానో. ఎప్పుడూ ఒకటే జవాబు.

"బాగానే ఉండాదిలే పాపా, జరిగిపోతాంది."

ఎడమ చేతి చూపుడు వేలు బ్లేడు కింద పోగొట్టుకుని, ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన రోజు కూడా ఆయన ఇదే మాట అన్నాడు. అమ్మ ఏడుస్తూ ఉంటే, "కుడి చెయ్యి బాగుండాది గదా" అన్నాడు.

నాయన మాట ఇప్పుడు ఎందుకు గుర్తు చేసుకుంటున్నానంటే, చదువైపోయి నేను ఉద్యోగంలో చేరాక నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని ఈ మాటను లెక్కపెట్టడమే. మా ప్రాంతంలోనే ఒక సిమెంటు ఫ్యాక్టరీ, హెచ్‌ఆర్ విభాగం. ఫ్యాక్టరీ పేరు చెప్పను. అక్కడ ఏడాదికోసారి ఉద్యోగుల సంతృప్తి సర్వే జరిగేది. ఒక కాగితం, దాని మీద పదిహేను ప్రశ్నలు, ప్రతి ప్రశ్న పక్కనా ఐదు గడులు. మొదటి గడిలో ఏడుపు మొహం, చివరి గడిలో నవ్వు మొహం. 'పని ప్రదేశంలో భద్రత పట్ల మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు?' అనేది తొమ్మిదో ప్రశ్న. దాదాపు అందరూ నాలుగో గడిలోనో ఐదో గడిలోనో టిక్ పెట్టారు. నేను వాటిని కంప్యూటర్లో ఎక్కించి, రంగుల పటం గీసి పైకి పంపాను. పై నుంచి మెచ్చుకోలు వచ్చింది. ఆ పూట చాలా సంతోషపడ్డాను కూడా.

అంతమంది నవ్వు మొహం దగ్గర టిక్ పెట్టారంటే ఆ చోటు భద్రంగా ఉన్నట్టే కదా అని నేను నిజంగా నమ్మాను. మా నాయన చేత ఆ ఫారం నింపిస్తే ఆయన కూడా ఐదో గడిలోనే టిక్ పెడతాడన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. మన దగ్గర పనిచేసే మనిషి 'తృప్తిగా ఉంది' అంటే చాలాసార్లు దాని అర్థం 'ఓర్చుకోవడం అలవాటైంది' అని. ఆ రెండింటినీ ఒకటే గంపలో వేసి, పైన సంతృప్తి అని చీటీ అంటించి మనం మోసపోతున్నాం. మనిషి ఎంత సంతోషంగా ఉన్నాడని అడిగే ముందు, ప్రమాదం కనిపించినప్పుడు అతను నోరు తెరిచి చెప్పగలుగుతున్నాడా, చెబితే ఎవరైనా వింటున్నారా అన్నది చూడాలి.

సర్వే అయిన నాలుగు నెలలకు బి షిఫ్టు మొదలైన కాసేపటికి ఫోను వచ్చింది. సున్నపురాయి మోసుకుపోయే కన్వేయర్ బెల్టు కింద రాలిన రాయీ పొడీ పారతో ఎత్తుతున్న కుర్రాడి తువ్వాలు, అడుగున తిరిగే రోలర్‌లో చిక్కుకుంది. ఇరవై నాలుగేళ్లు ఉంటాయి, కాంట్రాక్టు కూలి. అలాంటి బెల్టుల పక్కన పొడవునా ఒక తాడు కట్టి ఉంటుంది. ఎక్కడ నిలబడి లాగినా స్విచ్చి పడి బెల్టు ఆగిపోవాలి, అది ఉన్నదే అందుకు. కుర్రాడు ఆ తాడు లాగాడు. బెల్టు ఆగలేదు. మళ్లీ లాగాడు. ఆగలేదు. దూరంగా ఉన్న ఇంకో హెల్పర్ చూసి, ప్యానెల్ దాకా పరుగెత్తి ఆపాడు. ఈలోగా భుజం, మోచేయి రెండూ విరిగాయి. బతికాడు. అందరూ అదృష్టవంతుడన్నారు.

ఆ స్విచ్చికి ఎవరో సన్న ఇనుప కంబి చుట్టి బిగించి ఉంచారు. తాడు సాగిపోయి వేలాడుతుంటే, గాలికి కదిలినా స్విచ్చి పడి బెల్టు ఊరికే ఆగిపోయేదట. ఆగినప్పుడల్లా ఉత్పత్తి పోతుంది, పై నుంచి ఫోన్లు వస్తాయి. తాడు సరిచేయడానికి మనిషి దొరకలేదు, కంబి దొరికింది.

విచారణ కాగితం నేనే టైపు చేశాను. కారణం అన్నచోట, 'మెడలో తువ్వాలు వేసుకుని తిరుగుతున్న బెల్టు దగ్గరికి వెళ్లడం, కార్మికుడి అజాగ్రత్త' అని రాయించారు. తువ్వాలు నిజం, బెల్టు తిరగడం నిజం. కంబి మాత్రం ఆ కాగితంలో లేదు. తువ్వాలు ఎందుకు చుట్టుకున్నాడన్నదీ లేదు. దుమ్ముకు ముక్కు, నోరు కప్పుకోవడానికి అతనికి వేరే ఏదీ ఇవ్వలేదు మరి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు రోజుల తర్వాత, ఎందుకో నాకే తెలీదు, బీరువాలో కట్టగట్టి పెట్టిన పాత సర్వే ఫారాలు తీశాను. ఒక్కొక్కటీ తిరగేశాను. మొదటిసారి వాటిని చూసినప్పుడు ముందు వైపు గడులు మాత్రమే లెక్కపెట్టాను, వెనక వైపు చూడాలని అనుకోనే లేదు. ఒక ఫిట్టర్ ఫారం వెనక పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: 'బెల్టు తాడు స్విచ్చికి కంబి కట్టినారు. ఒకసారి చూడండి.' ముందు వైపు తొమ్మిదో ప్రశ్నకు అతను పెట్టిన టిక్ ఐదో గడిలో, నవ్వు మొహం కింద ఉంది.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ముందు వైపు ఆ మనిషి తన ఉద్యోగాన్ని కాపాడుకున్నాడు, వెనక వైపు ఇంకొకడి ప్రాణం కాపాడాలని చూశాడు. నేను ముందు వైపు మాత్రమే చదివాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఫారం పర్మనెంటు ఉద్యోగులకు మాత్రమే ఇచ్చాం. బెల్టు కిందికి దూరేది కాంట్రాక్టు కూలీలు. ప్రమాదానికి అందరికన్నా దగ్గరగా ఉన్నవాళ్ల అభిప్రాయం ఎవరూ అడగలేదు. వాళ్లు మా లెక్కలో ఉద్యోగులే కారు.

ఇట్లాంటి విషయం ఎత్తితే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. "వాళ్లకు ఇచ్చినా వేసుకోరు మేడమ్. హెల్మెట్ ఇస్తే ఇంటికి తీసుకుపోతారు, మాస్కు ఇస్తే జేబులో పెట్టుకుంటారు." ఈ మాట ఓనర్లే కాదు, చదువుకున్న ఇంజనీర్లూ అంటారు. నేను కూడా అన్నాను. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఎందుకు వేసుకోరని ఎప్పుడైనా ఆగి ఆలోచించామా? మా నాయనకు కూలి అడుగుల లెక్కన. ఎన్ని అడుగుల బండ కోస్తే అంత డబ్బు. ఏప్రిల్, మే నెలల్లో తాడిపత్రిలో ఎండ 42, 43 డిగ్రీలకు పోతుంది, పైన సిమెంటు రేకులు. ఆ ఉక్కలో గుడ్డ మాస్కు పది నిమిషాల్లో తడిసి ముద్దై ముక్కుకు అతుక్కుపోతుంది. ఊపిరి ఆడక మాస్కు తీసి పక్కన పెడతాడు. తీయకపోతే పని నిదానమవుతుంది, సాయంత్రం కూలి తగ్గుతుంది. మనిషి తన ఊపిరితిత్తుల్ని పట్టించుకోవడం లేదని మనం అంటాం. ఆయన ఆ పూట ఇంటికి కావలసిన బియ్యం లెక్క చూసుకుంటున్నాడు.

పైగా మాస్కు, హెల్మెట్ అనేవి భద్రతలో చివరి మెట్టు. ఈ సంగతి ఆ రంగంలో పనిచేసే వాళ్లందరికీ తెలుసు. మొదట ప్రమాదాన్నే లేకుండా చెయ్యగలమా అని చూడాలి. కుదరకపోతే తక్కువ ప్రమాదమున్న పద్ధతికి మారాలి. తర్వాత మిషన్‌కూ మనిషికీ మధ్య అడ్డు పెట్టాలి. బ్లేడుకు కవరు, రోలర్‌కు జాలీ, దుమ్ము లేచే చోట నీళ్లు. ఆ తర్వాత పని వేళలు, శిక్షణ. ఇవన్నీ అయ్యాక ఇంకా మిగిలే కొంచెం ప్రమాదానికి మాస్కు. మన దగ్గర మాత్రం మొదటి నాలుగు మెట్లు వదిలేసి నేరుగా చివరి మెట్టు మీద నిలబడి, ఆ మెట్టు కూడా కార్మికుడి నెత్తిన పెడతాం.

దుమ్ము సంగతి మన ప్రాంతంలో అందరూ తెలుసుకోవాలి. కంటికి కనపడే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల అడుగు దాకా పోయేది కంటికి కనపడని సన్న దుమ్ము. నాపరాయికన్నా గ్రానైట్‌లో సిలికా ఎక్కువ. అది ఏళ్ల తరబడి లోపల పేరుకుంటే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. వచ్చాక నయం చేసే మందు లేదు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులే మింగుతూ తిరిగేవాళ్లు ఎక్కువ. సిలికోసిస్, పెద్ద శబ్దం వల్ల వచ్చే చెవుడు రెండూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోనే ఉండేవి. అంటే అవి పని వల్ల వచ్చే జబ్బులు, డాక్టరు గుర్తిస్తే ప్రభుత్వానికి తెలియజేయాలి. రోజుకు 8 గంటలు పనిచేసేచోట శబ్దం 90 డెసిబెల్స్ దాటకూడదని మన నిబంధనలే చెబుతున్నాయి. మా నాయన చెవుల్ని ఇరవై ఆరేళ్లలో ఒక్క డాక్టరు కూడా పని పేరు అడిగి పరీక్ష చేయలేదు. వయసైపోయింది అన్నారు. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిది.

పాలిష్ ఫ్యాక్టరీల్లో నాకు దుమ్ముకన్నా ఎక్కువ భయం కరెంటు. చిన్నప్పుడు నాయనకు అన్నం క్యారియరు ఇవ్వడానికి పోయేదాన్ని. నేలంతా పాలలాగా తెల్లటి రాతి బురద, మడమల దాకా నీళ్లు, ఆ నీళ్లలోనే మోటార్లు, అతుకులు వేసిన వైర్లు. ఒకచోట అతుకు మీద టేపుకు బదులు ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో కట్టి ఉండేది. "దాని మీద కాలు పెట్టొద్దు పాపా" అని నాయన నన్ను చెయ్యి పట్టుకుని పక్క నుంచి నడిపించేవాడు. తను మాత్రం రోజంతా దాని పక్కనే నిలబడేవాడు. 30 మిల్లీ యాంపియర్ల కరెంటు దారి తప్పినా రెప్పపాటులో లైను తెంచేసే బ్రేకరు ఉంది, ఈఎల్‌సీబీ అంటారు. రెండు మూడు వేల రూపాయల సామాను. ఇంట్లో గీజరు కోసం పెట్టించుకుంటున్న ఆ బ్రేకరు, నీళ్లలో నిలబడి పనిచేసే చోట లేదు.

ఓనర్ల మాటా వినాలి. విట్రిఫైడ్ టైల్స్ వచ్చాక నాపరాయి అడిగేవాళ్లు తగ్గారు. కరెంటు బిల్లు, రవాణా ఖర్చు, అప్పులు. మా నాయన పనిచేసిన చోట ఓనరు చెడ్డవాడు కాదు, నా కాలేజీ ఫీజు ఒకసారి ఆయనే కట్టాడు. ఆ మేలు నేను మరిచిపోను. అయినా వైరు అతుకు మీద ప్లాస్టిక్ కవరు ఉంచింది కూడా ఆయనే. మంచితనం వేరు, భద్రత వేరు. మన సీమలో ఈ రెండూ ఎక్కువగా కలిసిపోతాయి. కష్టమొస్తే ఆదుకునే మనిషిని కవరు మార్చమని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది.

నాయన వేలు పోయినప్పుడు జరిగింది కూడా అదే. పెద్దమనుషులు కూర్చున్నారు. ఆస్పత్రి ఖర్చు, పదివేల రూపాయలు, నెల రోజుల సగం కూలి. నాయన చేతులు జోడించి తీసుకున్నాడు. దయ అనుకున్నాడు. హెచ్‌ఆర్‌లో చేరాక నేను 1923 నాటి నష్టపరిహార చట్టం మొదటిసారి సరిగ్గా చదివాను. అందులో ఒక్కో వేలికీ, ఒక్కో కణుపుకూ సంపాదన శక్తి ఎంత శాతం పోయినట్టో రాసి ఉంది. చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. బొటనవేలికి 30 శాతం. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే నెల జీతం పరిమితి 15,000 రూపాయలు. ఆ జీతంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి ఇచ్చిన అంకెతో గుణించాలి. నలభై ఏళ్ల మనిషికి ఆ అంకె 184.17. అందులో 14 శాతం. కాగితం మీద వేసి చూస్తే ఆ లెక్కన 2,32,054 రూపాయలు వచ్చింది. నాయన వేలు పోయినప్పుడు ఆయన వయసు నలభై. అప్పట్లో జీతం పరిమితి తక్కువే, అంత రాకపోయి ఉండొచ్చు. కానీ రావాల్సింది హక్కు. ఆయనకు అందింది దయ, దాని కోసం ఆయన ఏళ్ల తరబడి కృతజ్ఞతగా ఉన్నాడు. ఆ కృతజ్ఞతను కూడా మనం సంతృప్తి ఖాతాలోనే రాసుకుంటాం.

పేపర్లలో పడే పెద్ద ప్రమాదాలు మన చుట్టూ తక్కువేం జరగలేదు. 2018 జులై 12న మా తాడిపత్రిలోనే ఒక ఉక్కు ఫ్యాక్టరీలో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు చనిపోయారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. పక్కవాడు పడిపోతే కాపాడదామని వెళ్లేవాణ్ణి కూడా అది పడగొడుతుంది, మీటరు లేకుండా ఉందో లేదో తెలుసుకునే దారే లేదు. మూడు వారాలు దాటగానే, ఆగస్టు 3న కర్నూలు జిల్లా ఆలూరు దగ్గర హత్తిబెళగల్ క్వారీలో పేలుడు. కనీసం పదిమంది పోయారు, ఎక్కువమంది ఒడిశా నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లెలో, గనికి తెచ్చిన పేలుడు పదార్థాలు దించుతుండగా పేలి పదిమంది చనిపోయారు. ప్రతిసారీ నాయకులు వచ్చారు, పరిహారం ప్రకటించారు, విచారణకు ఆదేశించారు. ఆ రోజుల్లో మా ఇంట్లో నాయన పేపరు చదివి మడిచి పెట్టి, "రాసి పెట్టి ఉంటే యాడున్నా పోతాం" అన్నాడు.

నాకు ఆ మాట అంటే ఇప్పుడు కోపం వస్తుంది. నాయన మీద కాదు. ఆ మాట ఆయనకు అవసరమయ్యేలా చేసిన పరిస్థితి మీద. రోజూ ప్లాస్టిక్ కవరు చుట్టిన వైరు పక్కన నిలబడాల్సిన మనిషి నుదుటి రాతను నమ్మకపోతే మర్నాడు పనిలోకి ఎట్లా పోగలడు? కానీ స్విచ్చికి కంబి చుట్టింది బ్రహ్మ కాదు. ఫలానా షిఫ్టులో ఫలానా మనిషి, ఫలానా ఒత్తిడి మీద చుట్టాడు. దాన్ని విప్పడానికి కటింగ్ ప్లేయరు చాలు.

పోస్ట్‌గ్రాడ్యుయేషన్‌లో మాకొక పాఠం ఉండేది. అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1950లలో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో దాదాపు రెండు వందలమంది ఇంజనీర్లనూ అకౌంటెంట్లనూ అడిగి ఒక సిద్ధాంతం చెప్పాడు. జీతం, పని పరిస్థితులు, పై అధికారి తీరు బాగాలేకపోతే మనిషికి అసంతృప్తి కలుగుతుంది, బాగున్నంత మాత్రాన సంతృప్తి రాదు. సంతృప్తి వచ్చేది గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి, ఏదో సాధించామన్న భావం నుంచి. పరీక్షలో రెండు గళ్ల పట్టిక గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఫ్యాక్టరీలో నాలుగేళ్లు గడిచాక ఆ రెండు గళ్ల మధ్య గీత నాకు కనపడలేదు. అతను అడిగింది ఇంజనీర్లను, అకౌంటెంట్లను. వాళ్ల చేతులు బ్లేడు కింద లేవు. బెల్టు పక్కన పనిచేసే ఫిట్టరు 'కంబి కట్టినారు, చూడండి' అని రాస్తే, ఆ మర్నాడే ఎవరైనా వచ్చి చూసి ఉంటే, అది పని పరిస్థితి గడిలోకి పోతుందా, గుర్తింపు గడిలోకి పోతుందా? తన మాటకు విలువ ఉందని ఆ మనిషికి తెలిసేది ఆ క్షణంలోనే. ఉత్తమ ఉద్యోగి అని దండ వేసి ఫొటో తీసినప్పుడు కాదు.

ఆడవాళ్ల సంగతి వేరే వ్యాసమే అవుతుంది, అయినా ఒక్క విషయం చెప్పకుండా పోలేను. పాలిష్ ఫ్యాక్టరీల్లో కోసిన బండలు కడగడం, పేర్చడం, బురద ఎత్తడం ఎక్కువగా ఆడవాళ్ల పని. మా వీధిలో అట్లాంటి పనికి పోయే ఒక అత్త, పొద్దున ఇంట్లో టీ తాగితే మళ్లీ సాయంత్రం దాకా నీళ్లు ముట్టదు. మే నెలలో కూడా. ఎందుకత్తా అంటే, "తాగితే పోవాల్సి వస్తాది గదమ్మా, యాడికి పోవాల?" అంది. అక్కడ మరుగుదొడ్డి లేదు. చట్టంలో ఆడవాళ్లకు వేరుగా ఉండాలని 1948 నుంచీ ఉంది. ఆ అత్తకు రెండుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది, తర్వాత కిడ్నీలో రాయి. ఆస్పత్రి చీటీలో పని ఊసు ఉండదు. ఏ సర్వేలో ఏ గడిలోనూ ఈ దాహం పట్టదు.

చట్టాలు లేవని కాదు. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక ముఖ్యమైన భాగం చేర్చారు. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలు, అందులో సిమెంటు కూడా ఉంది, కార్మికులూ యాజమాన్యమూ సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీ పెట్టాలని అందులో ఉండేది. ప్రాణానికి ముప్పు ఉందని అనుమానం వస్తే కార్మికుడు నేరుగా యాజమాన్యానికి చెప్పొచ్చు, వాళ్లు వెంటనే సరిచేయాలి. మా దగ్గరా కమిటీ ఉండేది. సమావేశంలో ఏం మాట్లాడారో రాసే మినిట్సు, సమావేశానికి ముందే టైపు చేసి పెట్టేవాళ్లం. 2025 నవంబరు 21న ఈ పాత చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. నలభై ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలని అంటున్నారు. ఇది మా నాయన కాలంలో ఉండుంటే ఎంత బాగుండేది. కానీ అదే కోడ్‌లో, కరెంటు వాడే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే ఇంతకుముందు పదిమంది ఉంటే చాలు, ఇప్పుడు ఇరవైమంది ఉండాలి. మా ఊళ్లో పాలిష్ ఫ్యాక్టరీలకు పోయి తలలు లెక్కపెట్టండి. చాలా చోట్ల ఇరవై రావు. బ్లేడు ముందు పదిమంది ఉన్నా ఇరవైమంది ఉన్నా వేలు ఒకే రకంగా తెగుతుంది.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నాయన్ని మళ్లీ అడిగాను. ఈసారి ప్రశ్న మార్చాను. పని ఎట్లా ఉండేది అని అడగలేదు. "నాయనా, తమ్ముణ్ణి ఆ మిషన్ దగ్గర పనికి పెట్టి ఉందువా?" అని గట్టిగా, చెవి దగ్గర అడిగాను.

ఆయన టీవీ ఆపేశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాడు పదో తరగతి తప్పినప్పుడు ఓనరు పనికి పంపమన్నాడు. పంపలా. ఆ రాత్రి మీ అమ్మకు చెప్పినా, అప్పు చేసైనా వాణ్ణి చదివియ్యాల, నా పక్కన మాత్రం నిలబడకూడదని" అన్నాడు. ఇరవై ఆరేళ్ల 'బాగానే ఉండాదిలే' వెనక ఉన్న అసలు జవాబు నేను విన్నది ఆ రోజే.

ఆ తర్వాతి సర్వేకు నేను నవ్వు మొహాల ఫారం వద్దన్నాను. గట్టిగానే వాదించాల్సి వచ్చింది. కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరుకు పెన్సిల్ రాతల కాగితం చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, ఏమీ మాట్లాడకుండా హెల్మెట్ తీసుకుని బెల్టు పొడవునా నడిచాడు. కంబి కట్టిన స్విచ్చిలు ఇంకా ఉన్నాయి. అవన్నీ ఆ సాయంత్రమే విప్పించాడు, తాళ్లు కొత్తవి బిగించారు. తర్వాత మేమిద్దరం కాంట్రాక్టు కూలీలు టీ తాగే షెడ్డు దగ్గర కూర్చున్నాం. కాగితాలు లేవు, పేర్లు రాసుకోలేదు. పోయిన నెలలో కొద్దిలో తప్పిన ప్రమాదం ఏదైనా ఉందా? ఎవరికైనా చెప్పినావా? చెబితే ఏమైంది? నీ కొడుకును ఈ పనిలో పెడతావా? నాలుగే ప్రశ్నలు. మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. ఒక పెద్దాయన మాత్రం, "చెప్తే కాంట్రాక్టరు రేపు రావొద్దంటే మీరొచ్చి నిలబడతారా మేడమ్?" అని అడిగాడు. నిలబడతాననలేదు నేను, ఎందుకంటే అంత మాట ఇచ్చే అధికారం నాకు లేదు. తాళ్లు మార్చిన సంగతి మాత్రం చెప్పాను, పోయి లాగి చూసుకోమన్నాను. మూడో వారానికి మెట్ల రెయిలింగ్ ఊడిందనీ, గ్రీజు డబ్బా దగ్గర జారుతోందనీ ఒక్కొక్కటే రావడం మొదలైంది. అన్నీ సరిచేయలేకపోయాం. ఏది ఎప్పటికవుతుందో షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసి పెట్టాం.

ఇప్పుడు ప్రతి సోమవారం షిఫ్టు మొదలయ్యే ముందు, ఆ చోట పనిచేసే మనిషే తాడు లాగి చూడాలి. భుజం విరిగిన కుర్రాడు ఐదు నెలలకు తిరిగి పనిలోకి వచ్చాడు. ఆ సోమవారం వంతు అతనిది. నేనూ వెళ్లాను. అతను తాడు దగ్గరికి పోయి, కాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవదు. ఎడమ చేత్తో లాగాడు.

బెల్టు ఆగింది. అంత రొద ఒక్కసారిగా పోయేసరికి ఎక్కడో పైకప్పు మీద పావురాలు కదలడం కూడా వినపడింది. అతను తాడు వదల్లేదు. మా వైపు తిరిగి, "ఇంకోసారి లాగొచ్చా సార్?" అని సేఫ్టీ ఆఫీసర్ని అడిగాడు.

స్విచ్చి సరిచేసి బెల్టు మళ్లీ నడిపించారు. అతను మళ్లీ లాగాడు.